వెనక నుంచి పిలిస్తే

సూర్యాపేట,
12 జూన్ 1997

సైదమ్మా,

ఎవరైనా వెనక నుంచి పిలిస్తే నేను ఇప్పటికీ ఎందుకు ఆగి కూర్చుంటాను? ఏళ్ల తరబడి మోస్తున్న ప్రశ్న ఇది. యూనివర్సిటీలో ఫిలాసఫీ చదివాను. కాలేజీలో పిల్లలకు కార్యకారణ సంబంధం గురించి పాఠం చెప్తాను. నిన్న ఆ పాఠానికే బయల్దేరి గేటు దాటుతుంటే ఇంటి ఓనరమ్మ దుర్గమ్మ "మేడం, నల్లా బంద్ జేసిన్రా?" అని కేకేసింది. వెనక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, రెండు గుక్కల నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాను. నల్లా చూడటం మాత్రం మర్చిపోయాను.

నీ ఉత్తరం చదివాక ఆ ప్రశ్న మరీ బరువైంది. తమ్ముడు దశరథ లారీ ఎక్కబోయే వేళకు అలివేలు "నాయినా" అని పిలుస్తుందనీ, పిలిచి తనే భయపడి ఏడుస్తుందనీ, తండ్రిని లోపలికి లాక్కొచ్చి మంచం మీద కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తుందనీ రాశావు. తాగి బయల్దేరితే మళ్లీ అదేనట. ఏడేళ్ల పిల్లకు తండ్రి మీద ప్రేమ అనుకున్నాను ముందు. అమ్మ కూడా "నా మనుమరాలు లక్షణమైన పిల్ల, తండ్రిని కాపాడుకుంటున్నది" అని మురిసిపోతోందట కదా.

అమ్మ అలా ఎందుకంటుందో నీకు తెలుసు. నాయిన మిర్యాలగూడ మిల్లుకు పనికి పోయే పొద్దున సద్ది మూట మరిచాడు. అమ్మ వెనక నుంచి పిలిచింది. ఆయన మూట అందుకున్నాడు గానీ కూర్చోలేదు, బస్సు పోతుందని పరుగెత్తాడు. ఆ సాయంత్రం మిల్లులో ధాన్యం బస్తాల వరస ఆయన మీద కూలింది. అప్పటికి నాకు పదహారేళ్లు, దశరథకు ఎనిమిది. ఆ తర్వాత మా ఇంట్లో పిలుపు విన్న ఏ మనిషీ కూర్చోకుండా, నీళ్లు తాగకుండా గడప దాటలేదు. అది పద్ధతి అయిపోయింది. పద్ధతిని ఎవరూ ఎందుకని అడగరు.

నాయినకు ఏం కాదని అత్తతో కూడా రాయించమని అలివేలు అడిగిందన్నావు కాబట్టి రాస్తున్నాను. అత్త చెప్తోంది, నాయినకు ఏం కాదు.

అమ్మ మోకాళ్లకు నూనె ఎవరైనా వచ్చేవాళ్లుంటే పంపిస్తాను.

నీ వదిన,
ఆండాలు


కోదాడ,
24 జూన్ 1997

వదినకు నమస్తే.

మీ ఉత్తరం రాగానే అలివేలు కింది వరసే ముందు చదవమంది. చదివాను. "అత్త నిజంగ రాసిందా? ఇంకోసారి సదువు." మడతల దగ్గర కాగితం చిరిగిందాకా చదివించింది. నేను కూర కలుపుతూ "ఏం కాదే" అంటే అది లెక్కలోకి రాదంట. గరిటె కింద పెట్టి, దాని కళ్లలోకి చూసి అనాలి. మధ్యలో నాకు దగ్గొస్తే మళ్లీ మొదటి నుంచి.

మొదట్లో నేనూ నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావట్లేదు. వాళ్ల నాన్న మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ లైన్లో ముందుండాలంటే చీకటితోనే బయల్దేరాలి. లేటైతే ఆ రోజుకు లోడు లేనట్టే. లారీ ఓనరు తులసీరాం సేటు నలుగురిలో అన్నాడంట, "ఏం దశరథా, నీ బండికి డీజిల్ పోయాల్నా, మంచినీళ్లు పోయాల్నా?" అని. ఇంకో నెల చూసి వేరే డ్రైవర్ని పెట్టుకుంటానన్నాడు. మా ఆయన ఇంటికొచ్చాడు. అన్నం తిని, కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని దాని జుట్టు నిమురుతూ ఉండిపోయాడు.

లారీ తిరిగొచ్చిందాకా అది గడప మీదే కూర్చుంటోంది. బడి తెరిచినా పోలేదు. బలవంతంగా పంపితే గంటలోపే పారిపోయి వచ్చింది. అత్తమ్మ దాని పక్కనే కూర్చుని ఆ సద్ది మూట కథ చెప్తుంది. "మీ తాత జర కూసోని పోతే బతికెటోడు బిడ్డా" అంటుంది. పెద్దామెను ఏమని ఆపను?

మీరు చదువుకున్నవాళ్లు. ఏం చెయ్యాలో రాయండి. ఆ వరస మాత్రం మర్చిపోకండి, లేకపోతే అన్నం ముట్టదు.

మీ సైదమ్మ


సూర్యాపేట,
3 జూలై 1997

సైదమ్మా,

నీ ఉత్తరాన్ని స్టాఫ్ రూంలో సైకాలజీ చెప్పే ఆవిడకు చూపించాను. ఆవిడ చదివి, అద్దాలు తీసి, "ఇది గారాబం కాదు ఆండాలు గారూ, చిన్నపిల్లల్లో కూడా వచ్చే ఒక రకం ఆందోళన" అంది. మనసులో ఒక చెడ్డ ఆలోచన తోసుకొస్తుందట. దాన్ని పోగొట్టడానికి పిల్ల ఒక పని చేస్తుంది, ఇంట్లోవాళ్లతో చేయిస్తుంది. కాసేపు నెమ్మది. తర్వాత ఆలోచన ఇంకా బలంగా వస్తుంది. మిర్యాలగూడలో ఒక క్లినిక్కు హైదరాబాదు నుంచి పిల్లల మనసు చూసే డాక్టరమ్మ ఆదివారాల్లో వస్తుందట. అడ్రసు వెనక రాశాను. నేరేడుచర్ల మీదుగా వెళ్లే బస్సు ఎక్కండి.

ఒక్క మాట. ఈ జబ్బు పిల్లలో ఉన్నదానికంటే ఇంట్లో ఎక్కువ ఉందేమో అనిపిస్తోంది నాకు. తప్పో ఒప్పో తెలియదు, అనిపించింది రాస్తున్నాను.

అలివేలూ, నాయినకు ఏం కాదు.

ఆండాలు


కోదాడ,
11 జూలై 1997

వదినా,

మీరు రాసింది ఆయనకు చదివి వినిపించలేదు. నేనే చదువుకుని పెట్టెలో పెట్టాను.

నా బిడ్డకు పిచ్చి అని నేను రాశానా? దాన్ని పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకుపోతే రేపు బడిలో పిల్లలు ఏమంటారో, ఎల్లుండి సంబంధాలకు వచ్చేవాళ్లు ఏమంటారో మీకు తట్టలేదా? జబ్బు ఇంట్లో ఉందన్నారు. ఇంట్లో పొద్దస్తమానం ఉండేది నేనే కదా. నేను పదో తరగతితో ఆపేసిన దాన్నే, కానీ మా పుట్టింట్లో పిలిస్తే పలికి, పని చూసుకుని పోయేవాళ్లం. సద్ది మూట కథ నేను కట్నంగా తెచ్చింది కాదు.

నూనె అందింది.

సైదమ్మ


సూర్యాపేట,
17 జూలై 1997

సైదమ్మా,

నీ కట్నం మాట మళ్లీ మళ్లీ చదివాను. నిజమే, నువ్వు తెచ్చింది కాదు. అది మాది.

ఇంట్లో అని రాసినప్పుడు నా మనసులో ఉన్నది అమ్మ, దశరథ, నేను. నువ్వు కాదు. ఆ సంగతి రాయకుండా నువ్వే అర్థం చేసుకుంటావనుకున్నాను. పాఠం చెప్పే అలవాటులో పడి, వినేవాళ్లకు ఎక్కడ తగులుతుందో చూడటం మానేశానేమో. పిచ్చి అనలేదు, అనుకోలేదు. జ్వరం వస్తే చూపించమని ఎలా అంటానో అలాగే అన్నాను. అయినా నువ్వు తల్లివి. వెళ్లాలా వద్దా నువ్వే చూసుకో. మళ్లీ అడగను.

నాయినకు ఏం కాదు అలివేలూ. నిన్న చివ్వెంల సంతలో నీకు ఎర్ర రిబ్బన్లు కొన్నాను.

ఆండాలు


కోదాడ,
20 ఆగస్టు 1997

వదినకు,

వెళ్లొచ్చాం. రెండుసార్లు. మీకు ముందే రాయాల్సింది, కోపం దిగడానికి టైం పట్టింది.

డాక్టరమ్మ మందు చీటీ రాసిస్తుందనుకున్నా. రాయలేదు. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగి, అందరూ రావాలంది. రెండోసారి సేటును బతిమాలుకుని ఆయన వచ్చాడు. అత్తమ్మ కూడా వచ్చింది, బస్సు ఎక్కినప్పటి నుంచీ గొణుగుతూ. పాప పిలవగానే ఎవరేం చేస్తారో చేసి చూపించమంది. ఆయన మంచం మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు, నేను నీళ్లిచ్చినట్టు ఇచ్చాను, అత్తమ్మ "ఏం గాదు బిడ్డా" అంది. నాటకంలా ఉంది, నాకే సిగ్గేసింది. డాక్టరమ్మ మెల్లగా అంది, "ఈ నీళ్లతో తీరుతోంది పాప దాహం కాదమ్మా, భయం దాహం. అది తాగేకొద్దీ పెరుగుతుంది." తప్పు ఎవరిదీ కాదంది. ప్రేమతో చేసిందే, కానీ అందరం కలిసి మెల్లగా మానాలంది.

ఆ భయానికి ఒక పేరు పెట్టమని పాపను అడిగింది. మనది లారీ డ్రైవరు కూతురు కదా, "జాం బ్రేకు" అంది. ఆయన అప్పుడు నోరు తెరిచాడు. "అవు డాక్టరమ్మా. బండికి బ్రేకు ఉండాలె. గని పట్టేసి ఉంటే బండి కదల్దు, లైనర్లు కాలుతయి." డాక్టరమ్మ నవ్వి, "అయితే దాన్ని విప్పేది మెకానిక్కు అలివేలే. మీరందరూ పానాలు అందించేవాళ్లు" అంది. మన పిల్ల కుర్చీలో నిటారుగా కూర్చుంది.

ఇంకో సంగతి. "నాయినకు ఏం కాదని నీకు చెప్పేవాళ్లు ఇంకెవరున్నారు?" అని అడిగితే "మా అత్త, ఉత్తరంల" అంది. కాబట్టి ఇక నుంచి ఆ వరస రాయకండి.

బస్సులో వస్తుంటే అత్తమ్మ "ఆమెకు పిల్లల్లేరు గావొచ్చు" అంది డాక్టరమ్మను. ఉన్నారో లేరో నేనడగలేదు.

సైదమ్మ


సూర్యాపేట,
28 ఆగస్టు 1997

సైదమ్మా,

రాయకండి అన్నావు. సరే.

నీ ఉత్తరం చదివి కాగితం ముందు పెట్టుకున్నాను. ఆ వరస తీసేస్తే నా మేనకోడలికి నేను ఏం రాస్తున్నాను ఇన్నాళ్లూ? రిబ్బన్లు, నూనె. దూరాన ఉన్నదాన్ని, ఆ ఒక్క మాటతోనే మీ ఇంట్లో ఉన్నాననుకున్నాను. జూలైలో నేను రాసిందానికి ఇది జవాబేమోనని కూడా ఒక ఆలోచన వచ్చింది. రాకూడదు, వచ్చింది.

కాలేజీలో పరీక్షలు. కొన్నాళ్లు రాయలేకపోవచ్చు.

ఆండాలు


కోదాడ,
19 సెప్టెంబరు 1997

వదినా,

జవాబు కాదు. ఒట్టు. నాకు రాయడం చేతకాక ముక్కలు ముక్కలుగా రాశాను. డాక్టరమ్మ మీ వరసనొక్కదాన్నే ఆపలేదు, నాదీ ఆపింది, ఆయనదీ ఆపింది. అది అడిగినప్పుడు మేమేం అనాలో నేర్పింది. "నీకు ఇప్పుడు భయంగా ఉందని నాకు తెలుసు. నేను పక్కనే ఉన్నా." అంతే. ఏం కాదని అనొద్దు. మీరు కూడా ఇలాంటిదేదో రాయొచ్చు. ఇది రాయకుండా అది మాత్రం రాశాను, నాదే పొరపాటు.

ఆ వరస లేని మీ ఉత్తరం చూసి ఏడ్చింది. కాగితం తిప్పి తిప్పి చూసింది. నా చెయ్యి మీ బదులు ఆ వరస రాసిపెట్టడానికి కలం దగ్గరికి వెళ్లింది వదినా. ఆయన చూసి కలం జేబులో పెట్టుకుపోయాడు. మర్నాడు ఏడుపు తక్కువైంది. ఆ తర్వాత ఉత్తరం సంగతే అడగలేదు.

ఇప్పుడు దానికి డాక్టరమ్మ నేర్పిన ఆటలో ఒక బస్సు ఉంది. కోదాడలో ఎక్కింది, సూర్యాపేటలో మీ ఇంటి దగ్గర దిగాలి. తక్కువ భయం ముందు స్టాపు, ఎక్కువ భయం చివరి స్టాపు. మునగాల అంటే నాయిన కూర్చోకుండా నిలబడి నీళ్లు తాగడం. తర్వాత స్టాపు, గ్లాసు ముట్టుకుని తాగకుండా ఇచ్చేయడం. చివ్వెంల అంటే పిలిస్తే లోపలికి రాకుండా గేటు దగ్గరే చెయ్యి ఊపడం. సూర్యాపేట అంటే పిలిచినా ఆగకుండా పోవడం. ఒక్కో స్టాపుకి ఆయన లారీ హారన్ కొట్టనిస్తాడు. మా వీధి వీధంతా తిడుతోంది.

మునగాల దాటింది. ఆ తర్వాతి స్టాపులో ఆగిపోయింది. ఎందుకంటే అత్తమ్మ. మేం చూడనప్పుడు దాని చెవిలో "ఏం గాదు బిడ్డా" అంటుంది. ఆయన గ్లాసు ముట్టుకుని తాగకుండా పోతే, వెనకే వెళ్లి లారీ చక్రానికి నీళ్లు చల్లొస్తుంది. ఎంత చెప్పినా "మీరు డాక్టర్ల మాటలిని మగనిమీదికి తెచ్చుకుంటున్నరు" అంటుంది. కొన్నాళ్లు మీ దగ్గర ఉంచుకోగలరా? నేను వెళ్లగొడుతున్నానని అనుకుంటుంది. అనుకోనివ్వండి.

సైదమ్మ


సూర్యాపేట,
14 అక్టోబరు 1997

సైదమ్మా,

అమ్మ వచ్చినప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. దుర్గమ్మతో మాత్రం బాగా మాట్లాడుతోంది. "కోడలు ఎల్లగొట్టింది, బిడ్డేమో సదువు సెప్తది, నా బతుకు గిట్లయింది" అని ఆమెకు చెప్తుంటే విన్నాను. నువ్వు అనుకోనివ్వమన్నావు. అనుకోనిస్తున్నాను, కానీ వినడం కష్టంగానే ఉంది.

నీకు చెప్పాలో వద్దో తేల్చుకోలేక ఇన్ని రోజులు ఆగాను. పొద్దున వెలుగు రాకముందే అమ్మ లేస్తుంది. దశరథ లారీ కదిలే వేళ ఆమె ఒంటికి తెలుసు. వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, గ్లాసుతో నీళ్లు తాగుతుంది. మెల్లగా, మందు తాగినట్టు. మొదటిరోజు దాహమనుకున్నాను. అడిగితే అన్నది, "వాడు కూసుంటలేడు గద. వాని బదులు నేను కూసుంటున్న." అక్కణ్నుంచి పంపించేశామనుకున్నది ఇక్కడి నుంచి నడుస్తూనే ఉంది.

నేను ఆపలేదు. ఆపాలా? డాక్టరమ్మను అడుగుతావా?

అలివేలుకు: నీకు భయం వేస్తుందని అత్తకు తెలుసు. అత్తకు కూడా వేస్తుంది. ఎర్ర రిబ్బన్లు ఇక్కడే ఉన్నాయి, దిగినప్పుడు ఇస్తాను.

ఆండాలు


కోదాడ,
23 నవంబరు 1997

వదినా,

దిగింది! సూర్యాపేటలో దిగింది. అక్కడికి రాలేదనుకోండి, మా గేటు దగ్గరే.

వరసగా చెప్తాను. చివ్వెంల దాకా వచ్చి చాలా రోజులు అక్కడే ఉంది. ఒకసారి వెనక్కి మునగాలకు కూడా పోయింది, జ్వరం వచ్చినప్పుడు. డాక్టరమ్మ పర్వాలేదంది. మొన్న పొద్దున తనే "ఇయ్యాల పిలుస్త" అంది. ఆయన లారీ ఎక్కాడు, ఇంజను పెట్టాడు. బండి కదిలాక గేటు పట్టుకుని "నాయినా!" అని గట్టిగా పిలిచింది. ఆయన ఆగలేదు. కిటికీలోంచి చెయ్యి ఊపి పోయాడు. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయిందని తర్వాత చెప్పాడు.

నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డా, నీళ్ల బిందె వైపు పోకుండా. "అమ్మా, నాయినకు ఏమన్న అయితదా?" అంది. తెలియదు బిడ్డా అన్నాను. ఆ మాట ఏ తల్లైనా ఎట్లా అంటుంది వదినా? నోట్లోంచి రావడానికి ప్రాణం పోయినంత పనైంది. "నీకు భయంగా ఉంది, నేనున్నా" అన్నాను. దారి వైపే చూస్తూ ఏడ్చింది, గేటు వదల్లేదు. ఎండ గేటు మీదికి వచ్చేసరికి "ఆకలైతుంది" అంది. తిని బడికి పోయింది.

ఆ సాయంత్రమే లారీ రాలేదు. చీకటి పడింది. బిందె దగ్గరికి వెళ్లి గ్లాసు ముంచాను కూడా. వెనక నుంచి అది, "అమ్మా, నీకు పట్టింది జాం బ్రేకు" అంది. ఏడుస్తూనే నవ్వాను. తర్వాత వచ్చాడు. హుజూర్‌నగర్ దగ్గర టైరు పగిలిందంట.

అత్తమ్మ సంగతి మీరు రాసిన ఉత్తరం పిల్ల నా చేతిలోంచి లాక్కుని కూడబలుక్కుని చదివేసింది. దాచలేకపోయాను. కింద తనే రాసింది చూడండి. డాక్టరమ్మను అడిగితే, "ముసలావిడ సంగతి మీరంతా ఆలోచించుకోండి, పాప ముందు మాత్రం వద్దు" అంది.

సైదమ్మ

నాయినమ్మ నీకు గూడ జాం బ్రేకు ఉన్నదా. మెల్లగ తియ్యాలె. ముందుగాల మునగాల. నిలబడి తాగు. అలివేలు


సూర్యాపేట,
2 డిసెంబరు 1997

సైదమ్మా,

నీ ఉత్తరాన్ని అమ్మకు పెద్దగా చదివి వినిపించాను. గేటు దగ్గర నువ్వు చేతులు వెనక్కి కట్టుకున్న చోట "పిల్ల గట్టిది" అంది. నిన్నో మనవరాలినో నాకు తెలియలేదు. నీ మీద ఆ కోపం కొంచెం కరిగినట్టుంది. సంక్రాంతి లోపు తనను కోదాడకు తీసుకుపొమ్మంది.

నేను గర్వపడుతున్నాను. కానీ నా బుద్ధి ఊరుకోదు కదా. దశరథ వచ్చాడు కాబట్టి గెలిచామంటున్నాం. టైరు ఇంకోలా పగిలి ఉంటే? అప్పుడు కూడా అలివేలు చేసింది సరైనదే అయి ఉండేది, నువ్వు అన్న "తెలియదు" నిజమే అయి ఉండేది. తర్కం అంతవరకు వస్తుంది. ఆ తర్వాత రాదు. ఎందుకంటే మా నాయిన రాలేదు.

చివర్లో అలివేలు రాసింది చదివాక అమ్మ ఆ కాగితం తన చేతిలోకి తీసుకుంది. తర్వాత అన్నది, "దాని నాయిన మర్లొచ్చిండు. దానికి స్టాపు ఉన్నది, దిగింది. నేను ఏ స్టాపుల దిగాలె సెప్పు?" ఇన్నేళ్ల చదువులో ఎక్కడా ఆ స్టాపు పేరు కనపడలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మొన్న మోకాళ్లు పట్టేసి అమ్మ పీట మీది నుంచి లేవలేకపోయింది. కుండ వైపు చెయ్యి చాచింది. నేను గ్లాసు ముంచి ఇచ్చాను. అప్పటి నుంచి రోజూ నేనే ఇస్తున్నాను. తాగి, గ్లాసు తిరిగిచ్చి, "ఇగ పోయిండు మంచిగ" అంటుంది. ఆ మొహం చూస్తే నాకు హాయిగా ఉంటుంది. నువ్వు దశరథకు నీళ్లందించినన్నాళ్లూ నీకూ ఇలాగే ఉండేదేమో.

నా సంగతికొస్తే, నిన్న దుర్గమ్మ మళ్లీ వెనక నుంచి పిలిచింది. గేటు దగ్గర నిలబడే రెండు గుక్కలు తాగి పోయాను. మునగాల దాటానని అలివేలుకు చెప్పు. హారన్ బాకీ ఉంది నాకు.

పిల్ల భయాన్ని జబ్బు అని పోరాడాం. అమ్మ భయాన్ని పద్ధతి అని గ్లాసు అందిస్తున్నాను. ఈ రెంటికీ తేడా ఉందా, లేక పిల్ల ముందు చాలా బతుకుంది, అమ్మ ముందు కొంచెమే ఉంది కాబట్టి నేను తేడా పెడుతున్నానా? నేను ఇచ్చేది ఆమెకా, ఆమె భయానికా? ఎన్నివైపుల నుంచి చూసినా తేలడం లేదు సైదమ్మా. నాకు తెలియదు. తెలియకుండానే రేపు పొద్దునకు గ్లాసు కడిగి బోర్లించి పెట్టాను.

ఆండాలు